జీడిపప్పు పొట్టు తీసే యంత్రం, కలర్ సార్టర్: చిన్న యూనిట్లు వాటిని సరిగా వాడుకునే విధానం

పలాస–కాశీబుగ్గ ప్రాంతంలో జీడిపప్పు యూనిట్ నడిపేవారు పీలింగ్ యంత్రమూ, రంగు చూసి తప్పు గింజలను ఏరే కలర్ సార్టరూ కొనుక్కున్న మొదటి నెలలో అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: పొట్టు సరిగా ఊడటం లేదు, ఏ సెట్టింగ్ మార్చాలి? దీనికి జవాబు చాలాసార్లు ఆ రెండు యంత్రాల్లోనూ ఉండదు. ముందు రోజు బోర్మాలో, అంటే పప్పును వేడితో ఆరబెట్టే అరల గదిలో, పప్పు ఏ ట్రేలో ఎంతసేపు ఆరింది, అంతకు ముందు పెంకుతో ఉన్న పిక్కలను సైజుల వారీగా విడదీశారా లేదా అన్నవి చూస్తే అక్కడ దొరుకుతుంది. అందువల్ల యంత్రాల సంగతికి వెళ్లే ముందు, వాటిలోకి పోసే పప్పును ఎలా సిద్ధం చేసుకోవాలో కొంత వివరంగా చెప్పవలసి వస్తోంది. ఈ సూచనలు చిన్న, మధ్య తరహా యూనిట్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మోరి, వేటపాలెం వైపు యూనిట్లకూ ఇవే పనికివస్తాయి.

పొట్టు ఊడేది బోర్మాలోనే

కటింగ్ అయి పెంకులోంచి బయటికి వచ్చిన పప్పు మీద ఎర్రటి గోధుమ రంగు పొట్టు ఉంటుంది. పప్పు పచ్చిగా ఉన్నంతసేపు ఆ పొట్టు దానికి అంటుకునే ఉంటుంది, గోరుతో గీకినా రాదు. ఆ దశలో పప్పులో తేమ సుమారు 7 నుంచి 9 శాతం ఉంటుంది. దాన్ని బోర్మాలో 65–75 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆరు నుంచి ఎనిమిది గంటల పాటు ఆరబెడితే తేమ 3 శాతం దగ్గరకు దిగుతుంది, పప్పు కొద్దిగా కుంచించుకుపోతుంది, పైనున్న పొట్టు పెళుసెక్కి దాని నుంచి విడివడుతుంది. తర్వాత యంత్రం చేసేదల్లా అప్పటికే విడివడిన పొట్టును గాలితో ఎగరగొట్టడమే. తేమ మిగిలిపోతే ఎంత గాలి కొట్టినా పొట్టు వదలదు. మరీ ఎండిపోతే పొట్టుతో పాటు పప్పు కూడా పెళుసెక్కి, రెండు బద్దలు కలిసే గీత దగ్గర విచ్చుకుపోతుంది.

తేమ చూసే మీటరు ఉంటే మంచిదే, లేకపోయినా తూకంతో పని జరుగుతుంది. 8 శాతం తేమ ఉన్న పప్పు 10 కిలోలు తీసుకుంటే అందులో తేమ పోగా మిగిలే సరుకు 9 కిలోల 200 గ్రాములు. తేమ 3 శాతానికి దిగినప్పుడు ఆ పప్పు మొత్తం బరువు 9 కిలోల 485 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉండాలి, అంటే సుమారు 515 గ్రాముల బరువు తగ్గాలి. ఒక ట్రేకు గుర్తు పెట్టుకుని, లోపల పెట్టే ముందు ఒకసారి, ఐదో గంట నుంచి గంటకొకసారి తూచితే బోర్మా ఏ సమయానికి ఆ బరువుకు చేరుతోందో రెండు మూడు రోజుల్లోనే తెలిసిపోతుంది. అయితే ఆ ఒక్క ట్రేని చూసి మొత్తం బోర్మా సంగతి తేల్చకూడదు. వేడి అన్ని అరల్లో ఒకేలా ఉండదు కనుక పై అర, మధ్య అర, కింది అర నుంచి ఒక్కో ట్రేను విడివిడిగా తూచాలి, సగం సమయం గడిచాక ట్రేల స్థానాలు మార్చాలి. ట్రేలు మార్చడం అందరికీ తెలిసిన పనే, రాత్రి షిఫ్టులో అందరూ ఎగ్గొట్టే పని కూడా అదే.

చేతి పరీక్ష ఇంకా సులువు. ట్రేలోంచి పది గింజలు తీసి, రెండు నిమిషాలు చల్లారనిచ్చి, ఒక్కొక్కదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా నలపాలి. సరిగా ఆరిన గింజ మీది పొట్టు ఎండుటాకులా గలగలమని పెద్ద పెద్ద రేకులుగా రాలుతుంది. పొట్టు పొడిపొడిగా రాలుతూ, గింజ లోపలి వంపులో సన్నటి చారలా మిగిలిపోతోందంటే ఇంకో అరగంటో గంటో ఆరాలి. నలపగానే గింజ చిట్లితే ఆరడం ఎక్కువైనట్టే. తర్వాత కలర్ సార్టర్ దగ్గర మీకు తలనొప్పి తెచ్చేది ఆ వంపులోని చారే కాబట్టి దాన్ని ఇక్కడే గమనించాలి.

పిక్కలను సైజుల వారీగా విడదీయకుండా ఉడికించి ఆరబెట్టే యూనిట్లలో ఈ పరీక్ష ఎప్పుడూ కుదరదు. చిన్న గింజ నాలుగు గంటలకే ఎండిపోతే పెద్ద గింజ ఏడో గంటకూ లోపల తేమతోనే ఉంటుంది. చిన్నది మాడి రంగు మారుతుంది, పెద్దది పొట్టు వదలదు, ఆ రెండు తప్పుల్నీ ఒకే సార్టర్ మీద రుద్దుతారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం జీడితోటలను కూల్చివేసిన సంగతి తెలిసిందే. స్థానిక పిక్క సరిపోని యూనిట్లు ఆఫ్రికా దేశాల పిక్కను కూడా ఆడిస్తున్నాయి. ఒక్కో దేశపు పిక్కకు ఒక్కో సైజు, పొట్టు మందం, తేమ ఉంటాయి కనుక రెండు చోట్ల పిక్కలను ఒకే బ్యాచ్‌లో కలపకపోవడం, ఆడించే ముందు జల్లెడ డ్రమ్ము మీద కనీసం మూడు సైజులుగా విడదీయడం తప్పనిసరి. దీనికయ్యే ఖర్చు సార్టర్ ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు, అయినా ముందు సార్టర్ కొని తర్వాత జల్లెడ గురించి ఆలోచించేవారే ఎక్కువ.

గాలితో పొట్టు తీయడం

మన దగ్గర ఎక్కువగా వాడేది కంప్రెసర్ గాలితో పనిచేసే పీలింగ్ యంత్రం. గుండ్రటి గదిలో కొద్ది పప్పు పడుతుంది, చుట్టూ ఉన్న నాజిళ్ల నుంచి గాలి దూసుకొచ్చి గింజలను సుడిలో తిప్పుతుంది, గింజలు ఒకదానికొకటీ గది గోడకూ రాసుకుని పొట్టు ఊడుతుంది, ఊడిన పొట్టును వేరే గొట్టం లాగేస్తుంది. కొన్ని సెకన్ల తర్వాత అడుగు తలుపు తెరుచుకుని పప్పు కిందికి జారుతుంది. మీ చేతిలో ఉండే సెట్టింగులు మూడే: గాలి ఒత్తిడి, గింజలు గదిలో ఉండే సమయం, ఒక్కో విడతకు పడే పప్పు పరిమాణం. మూడింటినీ ఒకేసారి మార్చితే ఏది దేనికి కారణమో ఎప్పటికీ తేలదు. ఒత్తిడినీ పరిమాణాన్నీ తయారీదారు చెప్పిన చోట ఉంచి, మొదట సమయాన్ని మాత్రమే మార్చి చూడాలి.

ఈ పరీక్షకు 5 కిలోల పప్పు చాలు. ఒకే ట్రేలోంచి తీసిన పప్పును ఐదు కిలో భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఒక్కో సమయంతో ఆడించాలి. బయటికి వచ్చినదాన్ని పూర్తిగా ఊడిన గుండు (విరగని నిండు గింజ), మచ్చలు మిగిలిన గుండు, అసలు ఊడనిది, విరిగినది అని నాలుగు కుప్పలు చేసి తూచాలి. సమయం పెంచేకొద్దీ మొదటి కుప్ప పెరుగుతుంది, కానీ నాలుగో కుప్ప కూడా పెరుగుతుంది. ఉదాహరణకు ఒక్క సెకను పెంచడం వల్ల కిలోకు అదనంగా 50 గ్రాములు ఊడి, అదనంగా 20 గ్రాములు విరిగాయనుకోండి. ఆ 50 గ్రాములను చేత్తో ఒలిపించడానికి అయ్యే కూలి ఎంత, 20 గ్రాముల గుండు బద్దగా మారడం వల్ల పోయే ధర ఎంత అని పక్కపక్కన రాసుకుంటే ఆ సెకను అవసరమో కాదో తేలిపోతుంది. గుండుకూ బద్దకూ మధ్య ధర తేడా ఎక్కువగా ఉండే పెద్ద గ్రేడుల్లో కొంత పొట్టు మిగిలినా ముందే ఆపడం లాభమని, చిన్న గ్రేడుల్లో ఇంకొంచెం ఆడించవచ్చని ఈ లెక్క చూపిస్తుంది. అందుకే అన్ని సైజులకూ ఒకే సమయం పెట్టడం సరికాదు. యంత్రం నూటికి నూరు శాతం ఒలిచి ఇవ్వాలని పట్టుబట్టేవారు లాభాన్ని ముక్కల బస్తాలో పోసుకుంటున్నట్టే అని నా అభిప్రాయం.

ఊడని పప్పును వెంటనే మళ్లీ యంత్రంలో వేయడం మరో పొరపాటు. మొదటిసారి ఊడనిది చాలావరకు తేమ వల్లనే ఊడలేదు, కనుక దాన్ని ప్రత్యేకంగా ఒక ట్రేలో వేసి బోర్మాలో గంటసేపు తిరిగి ఆరబెట్టి, చల్లార్చి, అప్పుడు రెండో విడత ఆడించాలి. రెండోసారీ మిగిలినది చేతి పీలింగుకు వెళ్లాలి. మూడోసారి యంత్రంలో వేస్తే వచ్చేది ముక్కే.

పీలింగ్ గదిలో చప్పుడు, ధూళి రెండూ ఎక్కువే. అక్కడ నిలబడే వారికి చెవి రక్షణ, మాస్కు ఇవ్వాలి. పొట్టు లాగే గొట్టం సంచి సగానికి నిండగానే మార్చాలి, లేకపోతే గదిలోని పొట్టు బయటికి పోక, ఒలిచిన తెల్ల పప్పుకే తిరిగి అంటుకుంటుంది.

కలర్ సార్టర్ ఎలా చూస్తుంది

బియ్యం బస్తాల మీద ‘సార్టెక్స్’ అన్న మాట మన ఇళ్లలో అందరికీ పరిచయమే. అది 1947లో లండన్‌లో మొదలైన ఏరివేత యంత్రాల సంస్థ పేరు. ఇప్పుడు ఏ కంపెనీ యంత్రంలో ఏరినా బియ్యం సార్టెక్స్ బియ్యమే అవుతోంది. జీడిపప్పుకు వాడే యంత్రం పనిచేసే సూత్రం కూడా అదే. పై తొట్టిలోంచి వైబ్రేటర్ పప్పును పలచగా కదిలిస్తుంది, ఏటవాలు పలక మీదుగా గింజలు ఒక వరసలో జారి కిందికి పడతాయి, పడుతున్న గింజను ముందు వెనక ఉన్న కెమెరాలు ఫొటో తీస్తాయి, తప్పు గింజ అని తేలితే కింద ఉన్న ఎజెక్టర్ చిన్న గాలి దెబ్బతో దాన్ని పక్క ట్రేలోకి తోసేస్తుంది.

ఇదంతా ఎంత సమయంలో జరుగుతుందో ఒకసారి ఊహించుకోవడం అవసరం. గింజ సెకనుకు సుమారు 3 మీటర్ల వేగంతో పడుతోందనుకుంటే, కెమెరా చూసిన చోటి నుంచి 10 సెంటీమీటర్ల కింద ఉన్న ఎజెక్టర్ ముందుకు అది 33 మిల్లీసెకన్లలో చేరుతుంది. కంప్యూటర్ ఆ లోపల నిర్ణయం తీసుకుని, సరిగ్గా ఆ క్షణంలో, ఆ గింజకు ఎదురుగా ఉన్న వాల్వునే తెరవాలి. గింజ పలక మీద నూనె జిడ్డుకు తగులుకుని కాస్త నెమ్మదించినా, ఎగిరి పక్కకు దూకినా, గాలి దెబ్బ ఖాళీలో పడుతుంది లేదా పక్కనున్న మంచి గింజకు తగులుతుంది. పలక శుభ్రత గురించి తయారీదారులు అంతగా చెప్పడానికి కారణం ఇదే. జీడిపప్పులో నూనె ఎక్కువ. నూనె, పొట్టు ధూళి కలిసి పలక మీద సన్నటి పూతలా గట్టిపడుతుంది. రెండు గంటలకొకసారి యంత్రాన్ని ఆపి, పొడి మెత్తటి గుడ్డతో పలకనూ కెమెరా ముందున్న గాజునూ తుడవాలి, నీళ్లు తగలనివ్వకూడదు.

కెమెరా రంగును ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు భాగాలుగా చూస్తుంది. తెల్ల పప్పుకూ గోధుమ రంగు పొట్టుకూ మధ్య తేడా నీలం భాగంలో అన్నిటికంటే బాగా కనిపిస్తుంది, ఎందుకంటే పొట్టు నీలం వెలుతురును చాలావరకు మింగేస్తుంది, దంతపు రంగు పప్పు దాన్ని తిప్పి పంపుతుంది. ఎరుపు భాగంలో చూస్తే ఆ తేడా అంత తీవ్రంగా ఉండదు. కాబట్టి పొట్టు మచ్చలను ఏరే ప్రోగ్రాం తయారు చేసేటప్పుడు మొదట నీలం భాగపు సున్నితత్వాన్ని సరిచేసుకోవాలి.

ఇక్కడ రెండు వేర్వేరు సెట్టింగులను ఒకటిగా పొరబడటం చాలా చోట్ల చూశాను. ఒకటి, రంగు ఎంత ముదురైతే తప్పు. రెండు, ఆ ముదురు భాగం ఎంత పెద్దదైతే తప్పు. వంపులో మిగిలిన పొట్టు చార చాలా ముదురు, కానీ చాలా చిన్నది. బోర్మాలో కాస్త మాడిన గింజ అంత ముదురు కాదు, కానీ రంగు గింజంతా ఉంటుంది. మొదటిదాన్ని పట్టడానికి ముదురు హద్దును కఠినంగా, సైజు హద్దును చిన్నగా పెట్టాలి. రెండోదాన్ని పట్టడానికి ముదురు హద్దును సడలించి సైజు హద్దును పెద్దగా పెట్టాలి. రెండింటినీ ఒకే హద్దుతో పట్టాలని సున్నితత్వాన్ని పెంచుకుంటూ పోతే యంత్రం గింజ నీడను కూడా మచ్చగా చూసి మంచి పప్పును బయటికి తోస్తుంది. ఇప్పటి యంత్రాల్లో చాలావాటిలో ఇలాంటి రెండు మూడు నియమాలను ఒకేసారి నడపవచ్చు, కానీ నియమాలను విడివిడిగా సరిచేసి, ఒక్కొక్కటి సరిగా పనిచేస్తోందని చూసుకున్నాకే కలపాలి.

గింజ పడేటప్పుడు దాని వెనక కనిపించే నేపథ్యపు పలక వెలుతురు మంచి గింజ రంగుకు దగ్గరగా ఉండాలి. అలా ఉంటే గింజల మధ్య ఖాళీ యంత్రానికి మంచి గింజలాగే కనిపించి వదిలేస్తుంది. గ్రేడు మార్చినప్పుడు, అంటే తెల్ల గుండు తర్వాత మాడు గుండు ఏరేటప్పుడు, నేపథ్యాన్ని కూడా మార్చుకోవడం మరచిపోకూడదు.

పెంకు ముక్కలు వేరే సమస్య. పెంకు ముక్క, పొట్టుతో ఉన్న పప్పు, రెండూ ముదురు రంగులోనే ఉంటాయి కనుక రంగు కెమెరా వాటిని విడదీయలేదు. పెంకులోని నూనె చర్మాన్ని పొక్కిస్తుంది, కాబట్టి ఒక్క ముక్క కూడా డబ్బాలోకి వెళ్లకూడదు. దీనికి కంటికి కనిపించని పరారుణ కాంతిలో చూసే కెమెరా కావాలి. మామూలు కెమెరాల సిలికాన్ సెన్సర్ సుమారు 1000 నానోమీటర్ల దాకా మాత్రమే చూస్తుంది. ఇండియం గాలియం ఆర్సెనైడ్ సెన్సర్ 900 నుంచి 1700 నానోమీటర్ల దాకా చూస్తుంది, నీరు 1450 దగ్గర, నూనె 1200 దగ్గర ఈ కాంతిని పీల్చుకుంటాయి కనుక వాటి పాళ్లు వేరుగా ఉన్న వస్తువులు, రంగు ఒకటే అయినా, వేరుగా కనిపిస్తాయి. ఈ సెన్సర్ ఖరీదెక్కువ. ఎగుమతి చేసే యూనిట్లకు అది అవసరమే. స్థానికంగా అమ్మే చిన్న యూనిట్ కటింగ్ తర్వాత జల్లెడ, గాలి తూర్పార సరిగా చేసుకుని, చివర ఏరేవారి కళ్ల మీద ఆధారపడటంలో తప్పేమీ లేదు. ఇనుము ముక్కలకు మెటల్ డిటెక్టర్ ఎటూ ఉండాలి, రోజూ పరీక్ష ముక్కతో దాన్ని పరీక్షించాలి.

ఏ వరసలో ఏరాలి

ఒకేసారి అన్నీ ఏరమని సార్టర్‌ను అడగకూడదు. పీలింగ్ నుంచి వచ్చిన పప్పులో మొదట ధూళిని గాలితో, విరిగిన ముక్కలను జల్లెడతో తీసేయాలి. ముక్కలు గుండు పక్కన పడితే వాటి వేగమూ బరువూ వేరు కనుక ఎజెక్టర్ గురి తప్పుతుంది. తర్వాత పొట్టు నిండా ఉన్న గింజలను మాత్రమే తక్కువ సున్నితత్వంతో ఒక విడత తీసేయాలి. నూటికి ఇరవై గింజలు ఊడనివే ఉన్న పప్పును నేరుగా సన్న మచ్చల ప్రోగ్రాంలో పోస్తే ప్రతి ఐదో గింజకూ ఎజెక్టర్ కొట్టాల్సి వచ్చి, ఒక్కో దెబ్బకు పక్కనున్న మంచి గింజ కూడా కొట్టుకుపోతుంది. మూడో విడతలో మచ్చలు, నాలుగో విడతలో మాడు రంగు. బద్దలను గుండు నుంచి ఆకారం చూసి విడదీసే యంత్రాలు ఇప్పుడు వచ్చాయి. లేనివారు పాత పద్ధతిలోనే కానివ్వవచ్చు. సైజుల గ్రేడింగ్ అన్నిటికంటే చివర రోలర్ల మీద జరగాలి.

గ్రేడు సరిగా వస్తోందో లేదో తెలుసుకోవడానికి యంత్రం తెర మీద అంకెను నమ్మనవసరం లేదు. డబ్ల్యూ-320 అంటే 454 గ్రాముల్లో, అంటే ఒక పౌనులో, 300 నుంచి 320 గింజలు. డబ్ల్యూ-240 అంటే 220 నుంచి 240. డబ్ల్యూ-180 అంటే 170 నుంచి 180. గంటకొకసారి ప్రతి గొట్టం కింద నుంచి 454 గ్రాములు తూచి లెక్కపెట్టి బోర్డు మీద రాయించండి. లెక్క తేడా రావడం మొదలైతే రోలర్ల మధ్య సందు కదిలిందని అర్థం.

రిజెక్ట్ ట్రేని తూచండి

సార్టర్ దగ్గర నిలబడ్డ ప్రతివారూ మంచి పప్పు ట్రేలోకే చూస్తారు. తెల్లగా మెరిసే గుండు కనబడగానే యంత్రం బాగుందని సంతృప్తి పడతారు. సున్నితత్వాన్ని పెంచుకుంటూ పోతే మంచి ట్రే ఎప్పుడూ బాగానే ఉంటుంది, డబ్బు మాత్రం రిజెక్ట్ ట్రేలోంచి పోతూ ఉంటుంది. అందుకని రెండు గంటలకొకసారి రెండు ట్రేల నుంచీ చెరో 500 గ్రాములు తీసి, చేత్తో ఏరి తూచాలి. మంచి ట్రేలో ఎంత తప్పు పప్పు ఉంది, రిజెక్ట్ ట్రేలో ఎంత మంచి పప్పు ఉంది అన్న రెండు అంకెలే నోటు పుస్తకంలో రాయవలసినవి. ఒకటి తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. 100 కిలోల పప్పులో 4 కిలోలు తప్పువి ఉన్నాయనుకోండి. ప్రతి తప్పు గింజతో ఒక మంచి గింజ కొట్టుకుపోతే రిజెక్ట్ ట్రేలో 8 కిలోలు చేరతాయి, అందులో సగం మంచి గుండే. ఆ 8 కిలోలను అలాగే తక్కువ ధరకు అమ్మకుండా, పలచగా పోసి మరో విడత నడిపితే ఆ 4 కిలోల మంచి పప్పులో చాలా భాగం తిరిగి వస్తుంది. యంత్రం కొనేటప్పుడే ఈ రెండో విడతకు వేరే పలక ఉన్నదాన్ని ఎంచుకుంటే పని తేలిక.

రిజెక్ట్ పప్పులో తప్పు గింజలే ఎక్కువైనప్పుడు యంత్రాన్ని తిరగేసి నడపడం మంచిది, అంటే మంచి గింజలను ఎజెక్టర్‌తో కొట్టించి తప్పువాటిని కిందికి జారనివ్వాలి. తక్కువగా ఉన్నదాన్నే కొట్టాలన్న నియమం గాలినీ ఆదా చేస్తుంది, తప్పులనూ తగ్గిస్తుంది.

యంత్రానికి ఏది తప్పో నేర్పే పని ఎవరిది అన్నది కూడా ఆలోచించాలి. కంపెనీ ఇంజినీరుకు సెట్టింగులు తెలుసు, మీ కొనుగోలుదారు ఏ మచ్చను ఒప్పుకుంటాడో తెలియదు. అది ఇరవై ఏళ్లుగా గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చున్న ఆవిడకు తెలుసు. ఆమె చేత మంచి గుండు 200, పొట్టు మచ్చవి 200, మాడినవి 200, పురుగు తిన్నవి దొరికినన్ని ఏరించి, వేర్వేరు డబ్బాల్లో మూతపెట్టి ఉంచండి. ఇంజినీరు ప్రోగ్రాం పెట్టేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టండి. సార్టర్ వచ్చాక గ్రేడింగ్ బల్ల దగ్గర మనుషులు తగ్గుతారన్నది నిజం, దాన్ని దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ అనుభవం ఉన్నవారిని పంపించేసి యంత్రాన్ని మాత్రమే ఉంచుకున్న చోట్ల, కొత్త పంట రాగానే ప్రోగ్రాం మార్చగలిగే వారు ఎవరూ మిగల్లేదు. నమూనా డబ్బాలను మూడు నెలలకొకసారి కొత్తవి చేయించాలి. పప్పు పాతబడితే రంగు పసుపుకు తిరుగుతుంది.

గాలి, కరెంటు

నేను మొదట పనిచేసిన చోట పీలింగ్ యంత్రానికీ సార్టర్‌కూ ఒకే కంప్రెసర్, ఒకే గాలి ట్యాంకు ఉండేవి. సార్టర్ కొన్ని గింజలను వదిలేస్తోంది, అదీ ఒకసారి వదిలి మరోసారి సరిగా ఏరుతోంది. కెమెరా పాడైందనుకున్నాం, ఇంజినీరు వచ్చి కెమెరా మార్చాడు, లైట్లు మార్చాడు, మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం టీ తాగుతూ గాలి మీటరు ఎదుట కూర్చున్నప్పుడు చూస్తే, పక్కన పీలింగ్ యంత్రం ఒక్కో విడత గాలి కొట్టిన ప్రతిసారీ ముల్లు ఠక్కున కిందికి పడి మళ్లీ లేస్తోంది. ఆ రెండు సెకన్లలో ఎజెక్టర్‌కు గింజను తోసే బలం లేదు. సార్టర్‌కు వేరే చిన్న ట్యాంకు, ఒత్తిడిని స్థిరంగా ఉంచే రెగ్యులేటర్, వెనక్కి గాలి పోకుండా ఒక వాల్వు పెట్టాక ఆ జబ్బు పోయింది. వీలైతే రెండు యంత్రాలకూ వేరు వేరు కంప్రెసర్లు పెట్టండి. వీలుకాకపోతే కనీసం ట్యాంకులైనా వేరు చేయండి.

గాలిలో తేమ, నూనె ఉండకూడదు. కంప్రెసర్ నుంచి వచ్చే గాలిలోని నీళ్లు తీసే డ్రయ్యర్, నూనె వడపోత రెండూ ఉండాలి, ట్యాంకు అడుగు కుళాయి రోజూ తిప్పి నీళ్లు వదలాలి. తీరం దగ్గరున్న పలాసలో వానాకాలపు గాలిలో ఎంత తేమ ఉంటుందో అక్కడివారికి చెప్పనక్కర్లేదు. డ్రయ్యర్ లేని చోట ఎజెక్టర్ నుంచి సన్నటి తుంపర వచ్చి, బోర్మాలో కష్టపడి ఆరబెట్టిన పప్పు మీదే పడుతుంది. సార్టర్ గదికి తలుపులు మూసి ఉంచడం, వీలైతే ఏసీ పెట్టించడం మంచిది.

కొనే ముందు

కోయంబత్తూరులో తయారైనవీ, చైనాలోని హెఫెయ్ నుంచి దిగుమతి అయ్యేవీ, ఇంకా ఖరీదైన యూరప్, జపాన్ యంత్రాలూ మార్కెట్లో ఉన్నాయి. ఏదైనా సరే, అమ్మేవారి దగ్గరున్న పప్పుతో చూపించే ప్రదర్శనను చూసి నిర్ణయించుకోవద్దు. మీ బోర్మాలో ఆరి, మీ పీలింగ్‌లోంచి వచ్చిన పప్పు 100 కిలోలు, ఏమీ ఏరకుండా, తీసుకెళ్లండి. రెండు ట్రేలనూ మీరే తూచి, పైన చెప్పిన రెండు అంకెలు రాసుకోండి. గంటకు ఇన్ని కిలోలు అని కాగితం మీద రాసిన సామర్థ్యం తక్కువ తప్పులున్న పప్పుకు లెక్కగట్టినది. మీ పప్పులో తప్పులు ఎక్కువైతే అది తగ్గుతుంది. ఏటవాలు పలక యంత్రాలు చవక, చోటు తక్కువ తీసుకుంటాయి. బెల్టు యంత్రాల్లో గింజ కుదురుగా సాగుతుంది కనుక పెద్ద గుండు విరగడం తక్కువ. విడిభాగాలు, ముఖ్యంగా ఎజెక్టర్ వాల్వులు, ఎన్ని రోజుల్లో దొరుకుతాయో రాతపూర్వకంగా అడగండి. సూక్ష్మ ఆహార శుద్ధి యూనిట్ల కోసం 2020లో మొదలైన కేంద్ర పథకంలో అర్హమైన ప్రాజెక్టు ఖర్చుపై 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా, బ్యాంకు రుణంతో ముడిపడిన రాయితీ పెట్టారు. అది ఇప్పుడూ ఇస్తున్నారో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకున్నాకే అడ్వాన్సు కట్టండి.

ఏరిన పప్పును వెంటనే డబ్బాకు ఎత్తకూడదు. 3 శాతం తేమ మీద అది పెళుసుగా ఉంటుంది, డబ్బాలో కుదిపితే ఏరిన గుండే బద్దలవుతుంది. కొంతసేపు తేమ గదిలో ఉంచి, 5 శాతం మించకుండా చూసి, అప్పుడు 11.34 కిలోల టిన్నుల్లో గాలి తీసి కార్బన్ డయాక్సైడ్ గానీ నైట్రోజన్ గానీ నింపి మూయాలి.

చివరగా కరెంటు సంగతి. సార్టర్‌కు స్టెబిలైజర్, యూపీఎస్ రెండూ పెట్టండి, ఎర్తింగ్ వేరుగా తీయించండి. యూపీఎస్ లేని చోట కరెంటు పోగానే కెమెరా, ఎజెక్టర్ ఆగిపోతాయి, కానీ పలక మీద అప్పటికే ఉన్న గింజలు ఆగవు. అవి ఏరకుండానే మంచి ట్రేలోకి జారతాయి. కరెంటు వచ్చాక యంత్రం మళ్లీ వేడెక్కి, లైట్లు స్థిరపడే దాకా వైబ్రేటర్‌ను ఆపి ఉంచి, మంచి ట్రేలో పైనున్న పప్పును తీసి తిరిగి తొట్టిలో పోయించాలి. ఈ పని ఎవరిదో ముందే ఒకరి పేరు రాసి యంత్రం మీద అంటించండి, లేకపోతే ఆ ట్రే నేరుగా ప్యాకింగ్ బల్లకు వెళుతుంది.